వేగానికి కళ్లెం, కంట్రాక్టుపై కలకలం

రోడ్డు పక్కన నిలిచి వాహనాలను కనిపెట్టే కెమెరా ప్రభుత్వానిదా, దాన్ని అమర్చిన కంపెనీదా అన్న ప్రశ్న కేరళ రాజకీయాలను 2023 నుంచి రెండేళ్లకు పైగా వేధించింది. ‘సేఫ్ కేరళ’ పథకం కింద రాష్ట్రమంతటా నెలకొల్పిన 726 కెమెరాలను ముఖ్యమంత్రి హోదాలో పినరయి విజయన్ 2023 ఏప్రిల్ 20న ప్రారంభించారు. జూన్ 5 నుంచి జరిమానాల విధింపు మొదలయింది. తొలిరోజు సాయంత్రానికే 28 వేలకు పైగా ఉల్లంఘనలు నమోదయ్యాయి. హెల్మెట్ లేకపోతే 500 రూపాయలు, పరిమితి మించిన వేగానికి 1,500 రూపాయలు చెల్లించవలసి రావడంతో ప్రజలలో నిరసన వెల్లువెత్తింది.

వీటన్నింటినీ జనం ‘స్పీడు కెమెరాలు’గానే భావించినప్పటికీ వాస్తవం అందుకు భిన్నం. మొత్తం 726 కెమెరాలలో 675 హెల్మెట్, సీటు బెల్టు, సెల్‌ఫోను వంటి ఉల్లంఘనలను పట్టేవి. అక్రమ పార్కింగ్‌ను పట్టేవి 25, ఎర్ర దీపం దాటేవారిని పట్టేవి 18. వేగాన్ని కొలిచేవి కేవలం 8. వాటిలోనూ నాలుగు వాహనాలపై అమర్చినవి. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాలలో మరణించిన 1,68,491 మందిలో 71 శాతం అతివేగం వల్లనే మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతున్నది. ప్రమాదానికి కారణం రాయవలసి వచ్చినపుడు ‘అతివేగం’ అన్న గడిని నింపడం పోలీసులకు సులువైన పని కనుక ఈ శాతాన్ని కొంత జాగ్రత్తగానే స్వీకరించాలి. అయినా అసలు హంతకి వేగమే అయినపుడు దానికి ఎనిమిది కెమెరాలు సరిపెట్టడం వింతగా తోస్తుంది.

అసలు వివాదం కంట్రాక్టుతో ముడిపడినది. 232 కోట్ల రూపాయల ఈ పథకాన్ని ప్రభుత్వరంగ సంస్థ కెల్ట్రాన్‌కు అప్పగించగా, అది బెంగుళూరుకు చెందిన ఎస్.ఆర్.ఐ.టి. సంస్థకు 151 కోట్ల రూపాయలకు పనిని బదలాయించింది. ఆ సంస్థ మళ్లీ ఇతర ప్రైవేటు కంపెనీలను భాగస్వాములుగా చేర్చుకున్నది. చేతులు మారిన కొద్దీ ఖర్చును పెంచి చూపారని, టెండర్లలో పోటీ నామమాత్రమేనని నాటి ప్రతిపక్ష నాయకుడు వి.డి. సతీశన్, సీనియర్ కాంగ్రెస్ నాయకుడు రమేశ్ చెన్నితల ఆరోపించి హైకోర్టును ఆశ్రయించారు. నిబంధనల మేరకే అంతా జరిగిందన్నది ప్రభుత్వ వాదన. తదుపరి ఉత్తర్వుల వరకు కంపెనీలకు చెల్లింపులు జరపరాదని 2023 జూన్‌లో హైకోర్టు ఆదేశించింది. ఆ ధర్మాసనానికి నేతృత్వం వహించిన ప్రధాన న్యాయమూర్తి ఎస్.వి. భట్టి మన మదనపల్లెకు చెందినవారు. అదే ఏడాది సెప్టెంబరులో తొలి వాయిదా చెల్లింపునకు కోర్టు అనుమతి ఇచ్చింది. చివరకు తగిన ఆధారాలు లేవంటూ 2025 ఆగస్టులో పిటిషన్‌ను కొట్టివేసింది.

ఈ రగడలో ఒక ముఖ్యాంశం మరుగున పడింది. ఒప్పందం ప్రకారం కెల్ట్రాన్‌కు ముట్టే సొమ్ము అయిదేళ్లలో, మూడు నెలలకొకటి చొప్పున 20 వాయిదాలుగా చెల్లించవలసినదే తప్ప, పడిన జరిమానాల సంఖ్యను బట్టి పెరిగేది కాదు. చలానాకు ఇంత అని కంపెనీకి వాటా ఇచ్చే పద్ధతి కంటే ఇది ఎంతో మేలు. వాటా పద్ధతిలో ప్రజలు ఎంత ఎక్కువగా తప్పు చేస్తే కంపెనీకి అంత లాభం. అయితే ఈ తేడాను వివరించి చెప్పవలసిన ప్రభుత్వం ఒప్పంద పత్రాలను మొదట్లోనే ప్రజల ముందుంచలేదు. దాచిన కాగితంలో మంచి ఉన్నా ఎవరూ నమ్మరు.

ఫ్రాన్సు అనుభవం ఇందుకు దగ్గరగా ఉన్నది. రెండు వరుసల సాధారణ రహదారులపై వేగ పరిమితిని అక్కడ 2018 జూలై 1న గంటకు 90 కిలోమీటర్ల నుంచి 80కి తగ్గించారు. అదే సంవత్సరం నార్మండీలో రాడార్ కార్లను నడిపే పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. కంపెనీ ఉద్యోగి కారు నడపడమే గాని జరిమానా వేయడని, ఫొటోలను పోలీసులే పరిశీలిస్తారని ప్రభుత్వం ఎంత చెప్పినా ఖజానా నింపుకోవడానికే ఇదంతా అన్న అనుమానం తొలగలేదు. ‘పసుపు చొక్కాల’ ఆందోళన చెలరేగిన పిమ్మట, దేశంలోని రాడార్లలో దాదాపు 60 శాతం ధ్వంసమో, నిరుపయోగమో అయ్యాయని 2019 జనవరిలో హోం మంత్రి కాస్తనేర్ స్వయంగా అంగీకరించారు.

కేరళలో ఆగ్రహం అంత దూరం పోలేదు. పోగా కొంత హాస్యమూ తోడయింది. వయనాడ్ జిల్లాలో చెట్ల కొమ్మలు కొట్టే పొడుగాటి కర్రను తీసుకువెళుతున్న విద్యుత్ బోర్డు జీపుకు 20,500 రూపాయల జరిమానా పడింది. కొద్ది రోజులకే, బిల్లు బకాయి ఉన్నదంటూ కల్పెట్టలోని మోటారు వాహనాల శాఖ కార్యాలయానికి బోర్డు సిబ్బంది కరెంటు కట్ చేశారు!

వేగ పరిమితుల నిర్ణయంలో మాత్రం నవ్వుకోవలసినది లేదు. 2023 జూలై 1 నుంచి కేరళలో కార్ల పరిమితిని ఆరు వరుసల జాతీయ రహదారులపై 110 కిలోమీటర్లకు పెంచి, మోటారు సైకిళ్ల పరిమితిని 70 నుంచి 60కి తగ్గించారు. ద్విచక్ర వాహనదారుల మరణాలే అధికమన్నది అధికారులు చెప్పిన కారణం. కారణం సరైనదే కావచ్చు. కాని ఏ రోడ్డుకు ఆ అంకె ఎందుకో బోర్డు పక్కన నిలబడిన మనిషికి తెలిసే మార్గం లేదు. కేంద్రం పరిస్థితీ అంతే. కార్లకు ఎక్స్‌ప్రెస్ రహదారులపై 120 కిలోమీటర్ల వరకు అనుమతిస్తూ 2018 ఏప్రిల్‌లో అది జారీ చేసిన నోటిఫికేషన్‌ను మద్రాసు హైకోర్టు 2021లో రద్దు చేసింది.

చట్టం మరీ లోపభూయిష్టంగా లేదు. 2021 ఆగస్టులో కేంద్రం తెచ్చిన 167-ఎ నిబంధన ప్రకారం కెమెరాకు ఏటా ధ్రువీకరణ ఉండాలి, ముందుగా హెచ్చరిక బోర్డు పెట్టాలి, ఉల్లంఘన జరిగిన 15 రోజులలో నోటీసు పంపాలి. కేరళలో బిల్లులు అందక కెల్ట్రాన్ కంట్రోల్ రూముల సిబ్బందిని తగ్గించినపుడు కెమెరాలు ఫొటోలు తీస్తూనే ఉన్నా నోటీసుల పంపిణీ మందగించింది. గడువు దాటి వచ్చే చలానాను జనం శిక్షగా కాక అప్పుల వసూలుగా చూస్తారు.

తెలంగాణలో ఇదే ధోరణి మరో రూపం దాల్చింది. పేరుకుపోయిన చలానాలపై ద్విచక్ర వాహనాలకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ప్రకటించారు. పండుగ తగ్గింపు అమ్మకాల మాదిరిగా సాగిన ఈ వసూళ్లతో ఖజానాకు రాబడి సమకూరింది. వెంటనే చెల్లించిన వాహనదారుడు మాత్రం తానే తెలివితక్కువవాడినని అనుకున్నాడు.

కెమెరాలు వచ్చిన ఏడాది కేరళలో రోడ్డు మరణాలు అంతకు ముందటి 4,317 నుంచి 4,080కి తగ్గాయి. ప్రమాదాలు 43,910 నుంచి 48,091కి పెరిగాయి. మొదటి అంకెను అధికారులు కెమెరాల విజయంగా చూపారు. హెల్మెట్ వల్ల ప్రాణాలు దక్కి ఉండవచ్చు గాని, ఢీకొనడాలు తగ్గలేదని రెండవది చెబుతున్నది. ఆ పని చేయవలసినవి పథకంలోని ఆ ఎనిమిది కెమెరాలు.