సీటెక్కడ?

పెళ్ళిచీర కొనాలంటే మనం పది కొట్లు ఎక్కి దిగుతాం. అంచు పట్టి చూస్తాం, మడత విప్పి వెలుతురులో చూస్తాం, రంగు పోతుందేమోనని కొట్టువాణ్ణి నాలుగుసార్లు నిలదీస్తాం. అదే పెళ్ళికి ప్రయాణం ఏ బండి మీద అంటే మాత్రం, "అది మగవాళ్ళు చూసుకుంటారులే" అని ఊరుకుంటాం.

వాళ్ళెలా చూసుకుంటారో తెలుసు కదా! పెళ్ళికొడుక్కి కారు. పెద్దమనుషులకు ఇంకో కారు. మిగిలిన ఆడవాళ్ళకూ, పిల్లలకూ, వంటపాత్రలకూ కలిపి ట్రాక్టరు ట్రాలీ. అంటే మన స్థానం గుండిగల పక్కనన్నమాట!

మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఇది ఎవరికీ వింతగా తోచదు. ట్రాక్టరు మీద నాకేం కోపం లేదు. మార్కాపురం పలకరాయి మోయాలన్నా, మిరపకాయల బస్తాలు చేరవేయాలన్నా దాన్ని మించింది లేదు. కానీ దాని పని బరువు లాగడం. ట్రాలీని ట్రాక్టరుకు తగిలించేది ఒక్క ఇనుప పిన్ను. చాలా ట్రాలీలకు సొంత బ్రేకులే ఉండవు. ట్రాక్టరు ఆగితేనే అదీ ఆగాలి. పల్లంలో వెనక బరువు ముందున్నదాన్ని తోసుకొస్తుంది. గిద్దలూరు నుంచి నంద్యాలకు వెళ్ళే దారిలోనో, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళేటప్పుడో, ఆ నల్లమల మలుపుల్లో అలా తోసుకొస్తే డ్రైవరు మాత్రం ఏం చేస్తాడు? బస్తా దొర్లిపడితే మళ్ళీ ఎత్తుకోవచ్చు. మనిషిని?

"అయితే బొలేరో పికప్పో, టాటా ఏసో మాట్లాడదాం" అంటారు కొందరు. దానికి బ్రేకులున్న మాట నిజమే. కానీ ఆ వెనక భాగం కూడా సామాను కోసం చేసిందే. కూర్చోడానికి సీటు లేదు, పట్టుకోడానికి కడ్డీ లేదు. పైగా సరుకుల బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. జరగరానిది జరిగితే పరిహారం కోసం బండి యజమాని గుమ్మం చుట్టూ తిరగాల్సిందే.

"ఎన్నేళ్ళనుంచి పోవడం లేదూ, ఏమైందీ?" అంటారా? 2018 జూన్‌లో వలిగొండ దగ్గర కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్ళే. 2020 మేలో ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర, మిరపకోత ముగించుకుని ఇళ్ళకు వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభానికి గుద్దుకుంది. ఆ పూట ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగలేదో!

ఇక ఖర్చు సంగతి. మినీబస్సుకు అద్దె ఎక్కువే, కాదనను. కానీ ఒక్కరాత్రి వాడిపోయే పూలకూ, చెవులు చిల్లులు పడే డీజేకూ మనం బేరమాడామా? పెళ్ళిళ్ళకు ఆర్టీసీ బస్సులే అద్దెకు దొరుకుతాయి. సామానుకు కావాలంటే ట్రాలీ పెట్టుకోండి, ఎవరు వద్దన్నారు?

పెళ్ళి ఒక్కరోజు ముచ్చట. పొలంపని రోజూ ఉండేది. మనలో చాలామందికి ఊళ్ళో నాలుగెకరాలున్నాయి. కోతకొచ్చే ఆడవాళ్ళ కూలి రేటు అడుగుతాం గాని, వాళ్ళని ఏ బండిలో, ఎంతమందిని కుక్కి తెచ్చారని ఎప్పుడైనా అడిగామా? 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సులో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు, సంతోషమే. కానీ ఆ బస్సు చేను గట్టుదాకా రాదుగా! ఆ మిగిలిన దూరానికి సీట్లున్న ఆటోను రెండుసార్లు తిప్పించి, ఆ డబ్బు మన లెక్కలో రాసుకుంటే కొంప మునగదు.

అంచేత అమ్మలూ, ముహూర్తం పెట్టుకున్న రోజే బండి కూడా మీరే మాట్లాడండి. ఎక్కేముందు ఒక్క ప్రశ్న వేయండి: "ఇందులో నా సీటెక్కడ?" సీటు చూపించలేని బండి మనది కాదు, గుండిగలది. వాటినే సుఖంగా పోనివ్వండి!