ముక్కునకు సూది, కంటికి ముప్పు

మా పాఠశాలలో చదివిన బాలిక యొకతె యీమధ్య పెండ్లి శుభలేఖ నిచ్చుటకు వచ్చి, ముక్కు దూలము ఎత్తుగా కనబడుటకు సూదిమందు వేయించుకొనబోవుచున్నానని చెప్పినది. "ఒక్క పూటలో అయిపోతుందట, మాస్టారూ!" అని నవ్వినది. ఆమె ముక్కున మాకే లోపమును కనబడలేదు.

ఆ మందును ఫిల్లర్ అందురు. సాధారణముగా హైలురోనిక్ ఆమ్లముతో చేసిన జిగట పదార్థమది. చర్మము క్రింద నింపినచో పల్లము మెరకయగును. అపాయమెచ్చట ననగా, ముక్కుమీదను కనుబొమల నడుమను గల సన్నని రక్తనాళములు కంటికి రక్తమిచ్చు నాళముతో కలిసియున్నవి. సూదిమొన పొరపాటున అట్టి నాళములో దిగినచో, మందు ఒత్తిడిచే వెనుకకు నెట్టబడి కంటి నాళమును చేరును; పిదప రక్తముతో కొట్టుకొనిపోయి, రెటీనా యను కంటి లోపొరకు పోవు దారిని మూసివేయును. రక్తమందని రెటీనా కొలది గంటలలోనే శాశ్వతముగా చెడిపోవును. మందును కరిగించు హైలురోనిడేజ్ అను విరుగుడు కలదు గాని, పోయిన చూపు మరల వచ్చుట అరుదు. ఇట్టి కీడు జరుగుటయు అరుదేయని వైద్యులందురు. నిజమే. కాని ఏ వ్యాధియు లేనివారు ఆ కొద్దిపాటి ముప్పునైనను తెలియక తలకెత్తుకొననేల?

బొటాక్స్ వేరు. అది మొదట కంటిమందే. మెల్లకన్నునకును, రెప్పలు బిగిసి మూసుకొను వ్యాధికిని అమెరికాలో 1989లో అనుమతి పొందినది. కనుబొమల నడిమి ముడుతలకు అనుమతి 2002లో వచ్చినది. దాని వలన రెప్ప వాలినను కొన్ని వారములకు సర్దుకొనును.

మేము ఈ విద్యను నిందించుటలేదు. కాలిన ముఖమును చక్కజేయుటయు ఈ విద్యయే. సూది ఎవరి చేతనున్నదో అడుగుడనియే మా మాట. మన యిండ్లలో తెలుగు. ఆసుపత్రి కాగితము ఇంగ్లీషులోనో, రాష్ట్రభాషలోనో యుండును. చదువకయే చేవ్రాలు చేయుట మనకు అలవాటైనది. చికిత్స యెట్టిదో, దాని మేలుకీడులేవో తెలిపిన పిమ్మటనే రోగి సమ్మతి చెల్లునని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. కావున తెలుగులో చెప్పించుడని కోరుటకు సిగ్గుపడనక్కరలేదు.

సూది వేయువారు వైద్యులేనా? మందు పేరేమి? విరుగుడు ఆ గదిలోనే యున్నదా? చూపు మసకబారినచో కంటివైద్యుని ఎంతసేపటిలో చేరగలము? ఈ నాలుగు ప్రశ్నలను శుభలేఖ వెనుకనే వ్రాసి యిచ్చితిమి. సూది పడిన పిదప కన్ను నొచ్చినను, చూపు తగ్గినను ఇంటికి పోయి పరుండరాదని, తక్షణమే చెప్పవలెనని గూడ చేర్చితిమి.

మరునాడు ఆమె తల్లి వచ్చినది. అది బ్యూటీపార్లరట, మొదటి ప్రశ్నకే సరియైన జవాబు రాలేదట. పెండ్లిచూపులనాడు మగపెండ్లివారి పెద్దమ్మగారు "పిల్ల చక్కనిదే, ముక్కే చప్పిడి" అన్నారట; అంతయు అచ్చటనే మొదలైనదట. ఆ పెద్దమ్మగారు ఈ సంచికను చదువుదురని మా ఆశ. వారి మనుమడు మా ఆరవ తరగతిలోనే యున్నాడు.