విల్లు ఎవరి చేతనున్నది?

వీడియో గేములలో స్త్రీని చూపించు తీరునుగూర్చి మనలో జరుగు చర్చ సాధారణముగా ఆమె కట్టిన బట్ట కొలతవద్ద మొదలై అక్కడనే ముగియుచున్నది. అది అప్రస్తుతమని నేననను. కాని నరకాసురునిపై యుద్ధమునకు లేచిన సత్యభామ జడను ముడిచి, కోకముడి బిగించి, ఒకే క్షణమున శత్రువును కోపముతోను, ప్రక్కనున్న ప్రియుని అనురాగముతోను చూచుచు బాణములు వేసినట్లు వర్ణించిన పోతన, రణరంగమధ్యమున శృంగారమును ఎంతమాత్రమును దాచలేదు. ఐనను శతాబ్దులుగా ఆ ఘట్టమును చదివి మురిసిన తెలుగువారికి అది స్త్రీని కించపరచునదిగా తోచకుండుటకు కారణమేమన, విల్లు ఆమె చేతనే యున్నది, వేయవలెనను తలంపును ఆమెదే. కావున గేములలోని స్త్రీపాత్రను పరీక్షించువారు ముందుగా అడుగవలసినది చేష్ట యెవరిది, చూపు ఎవరిది అని.

1981లో జపానుకు చెందిన నింటెండో సంస్థ వెలువరించిన ‘డాంకీ కాంగ్’లో ఒక మహావానరము యువతి నొకతెను ఎత్తుకొనిపోగా, ఒక వడ్రంగి ఉక్కు దూలములమీదుగా ఎగబ్రాకి ఆమెను విడిపింపబోవును. ఆ యువతిని మొదట ‘లేడీ’ యనియే పిలిచిరి, పాలీన్ అను పేరు తరువాత వచ్చినది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లోని రాకుమారికిని ఎదురుచూచుటకంటె వేరు పని లేదు. చెరలోని స్త్రీ మనకు క్రొత్తదా, అశోకవనములో సీత లేదా యని కొందరనవచ్చును. కాని హనుమంతుడు తన వీపుపై కూర్చుండబెట్టుకొని తీసికొనిపోయెదనన్నప్పుడు సీత కాదన్నది. రాముడే వచ్చి రావణుని గెలిచి తన్ను కొనిపోవుట ధర్మమని హేతువులు చూపి వాదించినది. చెరలోనుండియు కథ ఎటు నడువవలెనో ఆమె నిర్ణయించినది. పాలీన్‌కు అట్టి అవకాశమే లేదు. గెలిచినవానికి దక్కు పందెపు వస్తువామె.

1986 నాటి ‘మెట్రాయిడ్’లో కవచధారియైన సామస్ ఆరన్ స్త్రీయని చివరకు తెలియుట మిక్కిలి కొనియాడబడినది. అయితే ఆటను ఎంత త్వరగా ముగించిన అంత తక్కువ బట్టలతో ఆమెను చూపు ఏర్పాటును అందులోనే కలదు. పరాక్రమము ఆమెది, బహుమానము చూచువానిది.

1996లో ఇంగ్లండులోని డెర్బీ నగరమున కోర్ డిజైన్ సంస్థవారు సృష్టించిన లారా క్రాఫ్ట్ చదువరి, సాహసి, ఎవరి రక్షణమును కోరనిది. ఆమెకు రూపమిచ్చిన టోబీ గార్డ్ మరుసటి యేడే సంస్థను విడిచిపోవుటకు, ప్రచారశాఖవారు ఆమె దేహమును వాడుకొన్న తీరు గిట్టకపోవుట ఒక కారణమని చెప్పుదురు. ఇక్కడ యంత్రము చేయు మాయ నొకదానిని గమనింపవలెను. ఆడువాడు లారాను నడిపించును, దూకించును. కాని కెమెరా ఆమె వెనుకనే నిలిచియుండుటచేత, తాను నడిపించు దేహమునే తాను తేరిపార చూచుచుండును. మన రంగస్థలముమీద స్థానం నరసింహారావుగారు సత్యభామగా నిలిచినప్పుడును పురుషుడే స్త్రీవేషము ధరించినాడు గాని, ఆ నటుడు తన నడకను, తన కంఠమును, తన క్రేగంటి చూపును ఆ పాత్రకు ధారపోసి, ఆమె హృదయమున ప్రవేశింపవలసియుండెను. గేములో ఆ సాధన అక్కరలేదు. శరీరము అద్దెకు దొరకును, మనస్సు ఆ బేరములో చేరదు. 2013లో రచయిత్రి రియానా ప్రాచెట్ కలమునుండి వచ్చిన క్రొత్త లారాకు భయము, జంకు, పట్టుదల లభించినవి, బట్టయు పెరిగినది. ఐనను ఆమె చనిపోవు విధములను అంత వివరముగా చూపుట నాకు రుచింపలేదు.

ఈ చిక్కునకు ఛత్తీస్‌గఢ్‌లోని మా దుర్గ్ జిల్లాలోనే, గేములకు సంబంధము లేనిచోట, ఒక సమాధానము కనబడుచున్నది. భిలాయికి సమీపమున గనియారీ గ్రామములో జన్మించి, భిలాయి ఉక్కుకర్మాగారముననే ఉద్యోగము చేసిన తీజన్‌బాయి, స్త్రీలు కూర్చుండి పాడు వేదమతీ శైలికే పరిమితమైయున్న కాలమున, నిలిచి అభినయించు కాపాలిక శైలిలో పండవానీ యను భారతకథాగానమును చేపట్టి, అందులకు తనవారి వెలివేతను సహించిరి. 2019లో పద్మవిభూషణ్ వచ్చినది గాని అది తరువాతి మాట. చీర మారదు, బొట్టు మారదు. చేతిలోని తంబూరా మాత్రము ఒకప్పుడు భీముని గద, మరొకప్పుడు అర్జునుని ధనుస్సు. వేలమంది చూపు ఆమెమీదనే యుండును, ఆ చూపును ఆడించునది ఆమెయే. స్త్రీని బలశాలినిగా చూపుటకు మొదట ఆమె దేహమును చెక్కవలెనని తలచు రూపకర్తలు ఈ చీరకట్టిన భీముని ఒక్కసారి చూడదగును.

మన దేశపు గేములు ఇంకను పసివి. 2009లో హైదరాబాదు నుండి అరోనా టెక్నాలజీస్ వారు ప్లేస్టేషన్-2 కొరకు తయారుచేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’కు నాయకుడు బాలహనుమంతుడు. 2020లో పూనాకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ వారి ‘రాజీ’లో సర్కసు బాలిక యొకతె, రాక్షసులు అపహరించిన తమ్ముని కొరకు, దుర్గ యొసగిన త్రిశూలము పూని బయలుదేరును. కథాసంధులలోని బొమ్మలు మన తోలుబొమ్మలాటను తలపించును. అక్క తమ్ముని విడిపించుట యొక్కటే గాదు, ఆమె మొగ్గలు, గెంతులు ఆమె వృత్తివిద్యనుండి పుట్టినవి. చూచువాని మెప్పుకొరకు అతికినవి కావు.

ఇంతవరకు తెరమీది స్త్రీ సంగతి, ఇక తెర వెలుపలి స్త్రీ మాట. 2014లో ఈ విషయముననే ఉపన్యసింపవలసిన విమర్శకురాలు అనీటా సర్కీసియన్, సామూహిక హత్య చేసెదమను బెదరింపు వచ్చుటచే, అమెరికాలోని యూటా స్టేట్ విశ్వవిద్యాలయ సభను మానుకొనవలసివచ్చెను. మన ఊళ్లలో అంత లేదు గాని, ఫోనులో బీజీఎంఐ అను తుపాకుల ఆట ఆడు కుర్రవాడు ఆడ క్యారెక్టరును ఎంచుకొని, యూసీ యను ఆటలోని నాణెములు పెట్టి దానికి దుస్తులు కొన్నను ఎవరును ఏమియు అనరు. అదే ఆటలో ఒక ఆడపిల్ల మైకు తెరచి నోరు విప్పిన మరుక్షణమే వెక్కిరింతలు మొదలగుచున్నవి. అందుచేత మైకు మూసికొని, మగపేరు పెట్టుకొని ఆడు బాలికలు కలరు. బొమ్మను సరిదిద్దుట డెర్బీలోనో పూనాలోనో ఉన్న రూపకర్తల పని. మైకు సంగతి మాత్రము ఆడువారిది, వారిలో మా వీధి కుర్రవాండ్రును ఉన్నారు.