కనబడనంత మాత్రాన లేనట్టా?

కలివికోడి పేరెత్తితే చాలామంది చెప్పే మాట ఒక్కటే: అది కడప జిల్లా లంకమల అడవి పిట్ట, ఉంటే అక్కడే ఉండాలి, అక్కడ లేకుంటే ఇక ఎక్కడా లేనట్టే. అందుకే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టూ ఉన్న పొదల బీళ్లు ఈ పిట్ట ముచ్చట్లోకే రావు. ఈ అభిప్రాయాన్ని నేను ఒప్పుకోను. మనం పిట్ట తిరిగే చోట్ల పటం అనుకుంటున్నది, నిజానికి మనుషులు వెతికిన చోట్ల పటం.

పాత ఆధారాలే ఈ సంగతి చెబుతాయి. 1848లో ప్రకృతి పరిశోధకుడు థామస్ జెర్డాన్ కలివికోడిని లోకానికి పరిచయం చేశాడు. తర్వాత బ్లాన్‌ఫర్డ్ అనే మరో ప్రకృతి పరిశోధకుడు గోదావరి వైపు సిరోంచ, భద్రాచలం ప్రాంతాల్లో చూశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించింది. ఆ తర్వాత జాడ లేకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, స్థానిక వేటగాళ్ల సాయంతో, సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లె వద్ద దీన్ని మళ్లీ కనుగొన్నారు. అంతకన్నా ఆశ్చర్యం 2013లో బయటపడింది. స్కాట్లాండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉన్న ఒక గుడ్డు ఈ పిట్టదేనని డీఎన్ఏ పరీక్షలో తేలింది. కోలారు బంగారు గనుల్లో పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో సేకరించిన గుడ్డది. అంటే చివరిసారి కనిపించిందని రాసుకున్న సంవత్సరం తర్వాత 17 ఏళ్లకు కూడా పిట్ట గుడ్లు పెడుతూనే ఉంది, చూసి రాసేవాళ్లే లేరు. అటు అనంతపురం, ఇటు సిద్ధవటం: ఈ రెంటి నడుమ ఉన్నవి పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. రెండు కొసల్లో ఉన్న పిట్ట నడుమ ఎన్నడూ లేదనడానికి రుజువేది?

సముద్రంలోనూ ఇదే జరిగింది. పక్షి ముక్కులాంటి మూతి ఉండే తిమింగలాల్లో లాంగ్‌మన్ తిమింగలం ఒకటి. 1882లో ఆస్ట్రేలియాలోని మకాయ్ తీరాన దొరికిన పుర్రె, 1955లో సోమాలియాలో దొరికిన మరో పుర్రె, చాలాకాలం దాని గురించి ఉన్న ఆధారాలు ఈ రెండే. తీరా చూస్తే అది హిందూ, పసిఫిక్ మహాసముద్రాల వెచ్చని నీళ్లంతటా తిరుగుతోంది.

ఇన్నేళ్లు వెతికినా లంకమల చుట్టుపక్కల తప్ప దొరకలేదు కదా అని అడగవచ్చు. వెతుకులాట ఎక్కువగా సాగింది అక్కడే కదా. పైగా ఇది రాత్రి తిరిగే పిట్ట. పొద్దుగూకి చీకటి పడ్డాక కొద్ది నిమిషాలు కూసి ఊరుకుంటుంది. పగలు పొద్దంతా తిరిగినా కంటబడదు. అందుకే పరిశోధకులు పొదల మధ్య నేలను చదును చేసి, మెత్తటి మట్టి పరిచి, తెల్లవారాక మూడు వేళ్ల అడుగుల ముద్రల కోసం చూశారు, రాత్రిపూట కెమెరాలు పెట్టారు. ఇంత ఓపిగ్గా వెతకని చోట పిట్ట లేదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఇక రెండో అభ్యంతరం: కడప జిల్లా పడమటి మండలాలు చాలావరకు నల్లరేగడి చేలే కదా అని. ప్రొద్దుటూరు పొలాల్లో కలివికోడి ఉంటుందని నేనూ అనను. దానికి కావలసింది మరీ చిక్కనిదీ, మరీ బోడిదీ కాని పొదల నేల. అలాంటి నేల గండికోట వైపు ఎర్రమల గుట్టల కింద, పులివెందుల కొండల అంచున దొరుకుతుందా లేదా అన్నది నడిచి, విని తేల్చాల్సిన విషయం.

ఉన్నచోట కాపాడటానికే డబ్బు చాలదు, కొత్తగా వెతకడమెందుకని అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధ అర్థమవుతుంది. కానీ ఒక్క చోటే ఉందనుకుంటే, ఆ ఒక్కచోట దెబ్బ తగిలిన రోజున పిట్ట కథ ముగిసినట్టే. తెలుగుగంగ కాలువ దారిని దీనికోసమే మార్చాల్సి వచ్చింది. ఆ జాగ్రత్త సాధ్యమైంది కూడా పిట్ట అక్కడుందని తెలిసింది కాబట్టే. తెలియనిచోట ఎవరు అడ్డుపడతారు? 2025 ఆగస్టులో కడప జిల్లాలోనే పక్షి పరిశీలకులు మళ్లీ దాని కూతను రికార్డు చేశారు. అందుకే అటవీ శాఖ, కళాశాలల జీవశాస్త్ర విభాగాలు కలిసి జమ్మలమడుగు, పులివెందుల గుట్టల కింద రాత్రిళ్లు రికార్డర్లు పెట్టాలి. ఆ పని అయ్యేదాకా ఆ బీళ్లను క్వారీలకో, సోలార్ పలకలకో అప్పగించవద్దు.