రోగము దాగియుండు దినములు



కరోనా దినములు గడచిపోయినను ఒక ప్రశ్న మాత్రము మన గ్రామములలో ఇంకను మిగిలియున్నది. "2020లో పదునాలుగు దినములు వేరుగా ఉండమన్నారు. 2022 జనవరిలో ఏడు చాలునన్నారు. ఏది నిజము? డాక్టర్లకే తెలియదా?" అని అడుగువారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే లెక్క మారుటకు ముఖ్య కారణము రోగమే మారుట. టీకాలు వచ్చుట మరియొక కారణము. ఈ నెల ఈ సంగతి ఆలోచింతము.

రోగక్రిమి శరీరములో ప్రవేశించిన దినము మొదలు జ్వరమో దగ్గో బయటపడు దినము వరకు గల కాలమును పొదుగు కాలము అందురు. కోడి గుడ్డుకు 21 దినములు, బాతు గుడ్డుకు 28 దినములు కావలెనని మన స్త్రీలకు తెలియును. ఆలాగే ప్రతి అంటురోగమునకు ఒక గడువున్నది. ఫ్లూ జ్వరము ఒకటి నుండి నాలుగు దినములలో బయటపడును. ఆటలమ్మ అని జనులు పిలుచు చికెన్‌పాక్స్‌కు 10 నుండి 21 దినములు పట్టును.

కరోనా విషయములో విశేషమేమనగా, వైరస్ రూపము మారిన కొలది ఈ గడువు తగ్గుచు వచ్చినది. 2020 ఆరంభములో వచ్చిన రకము సుమారు 5 దినములలో బయటపడెడిది. దాదాపు అందరికిని 12 దినములలోపు లక్షణములు కనబడెడివి. అందుచేతనే పదునాలుగు దినముల నియమము పెట్టిరి. తరువాత 2022లో 142 పరిశోధనలను కలిపి చూడగా, సగటున ఆల్ఫాకు 5 దినములు, బీటాకు 4.5, డెల్టాకు 4.4, ఒమిక్రాన్‌కు 3.4 దినములని తేలినది. ఇవి గ్రీకు అక్షరముల పేర్లు. ఏ దేశమునకును నింద రాకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31న ఈ పేర్లను ప్రకటించెను. డెల్టా రకమునకును మన గోదావరి డెల్టాకును ఏ సంబంధమును లేదు!

రైతు సోదరులకు ఇది వింత కాదు. మారుటేరు పరిశోధన కేంద్రము ఇచ్చిన స్వర్ణ వరికి సుమారు 150 దినములు పట్టును. అదే కేంద్రము ఇచ్చిన కాటన్‌దొర సన్నాలు, మనము 1010 అని పిలుచు రకము, 120 దినములలో కోతకు వచ్చును. రెండును వరియే, గడువులు వేరు. అయితే గడువు తగ్గినంత మాత్రమున రోగము తేలికైనదని తలంచరాదు. డెల్టా గడువు మొదటి రకము కంటె తక్కువే. అయినను 2021 ఏప్రిల్, మే నెలలలో అది ఎన్ని ఇండ్లలో దీపములార్పినదో మనకు తెలియును. సేవకులను, సంఘ పెద్దలను, తల్లులను పోగొట్టుకొంటిమి.

గడువు తగ్గిన కొలది ఏమి జరుగును? ఆదివారము పాలకొల్లులో పెండ్లి విందుకు వెళ్లిన ఒకరికి రోగము అంటినదనుకొందము. అది మొదటి రకమైతే శుక్రవారమునకు జ్వరము వచ్చును. ఒమిక్రానైతే బుధ గురువారములకే వచ్చును. లక్షణములు కనబడుటకు ఒకటి రెండు దినముల ముందే ఇతరులకు అంటింపగలడు. అనగా మంగళవారము రాత్రి గృహ కూడికలో ఆరోగ్యముగా పాడుచున్నవాడే రోగమును పంచుచుండవచ్చును. సోమవారము చేయించిన పరీక్షలో లేదని వచ్చినను నిశ్చింతగా ఉండుటకు వీలులేదు. రోగము అప్పటికింకను దాగియుండవచ్చును.

లేవీయకాండము 13వ అధ్యాయము చూడుడి. అక్కడ చెప్పబడినది చర్మవ్యాధిని గూర్చి. దానిలో వైరస్ లెక్కలు వెదకుట తగదు. కాని యాజకుని పద్ధతి గమనింపదగినది. సందేహమున్నవానిని ఏడు దినములు కడగా ఉంచి, ఏడవ దినమున చూడవలెను. తేలనియెడల మరి ఏడు దినములు ఆగవలెను. తొందరపడి పవిత్రుడని చెప్పరాదు, తొందరపడి అపవిత్రుడనియు చెప్పరాదు. దినములు నిండి, వ్యాధి లేదని తేలినప్పుడు అతడు పవిత్రుడని యాజకుడు నోటితో ప్రకటింపవలెను. కడగా ఉంచుట ఎంత ఆజ్ఞయో, మరల చేర్చుకొనుటయు అంత ఆజ్ఞయే.

2020 మే 7 మొదలు విమానములలో గల్ఫ్ దేశములనుండి మనవారు తిరిగివచ్చిరి. కోనసీమ, నరసాపురము ప్రాంతములనుండి కువైట్, దుబాయి వెళ్లి, ఏండ్ల తరబడి అన్యుల ఇండ్లలో కష్టపడి మన ఇండ్లు నిలిపిన తల్లులు, చెల్లెళ్లు వారిలో అనేకులు. గడువు దినములు ముగిసిన తరువాత కూడ బావి యొద్ద, కిరాణా కొట్టు యొద్ద వారిని చూచి తప్పుకొనినవారున్నారు. అది జాగ్రత్త కాదు. గడువునకు ఒక అంతమున్నది. భయమునకు అంతము లేదు. అంతము లేని దూరము అంటరానితనమే అగును. ఆ బాధ మన సంఘములలో అనేక కుటుంబములు తరతరములుగా ఎరిగినదే.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించెను. అయినను ఒమిక్రాన్ సంతతి పోలేదు. 2023 డిసెంబరులో జేఎన్.1 అను రకము మన దేశములో కనబడెను. కాబట్టి ఈ సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. జ్వరము, దగ్గు ఉన్నవారు కూడికకు రాకుండుట అవిశ్వాసము కాదు, పొరుగువాని ప్రేమించుటయే. రోగితో దగ్గరగా మెలిగినవారు కొన్ని దినములు వృద్ధులు, షుగరు వ్యాధి గలవారు ఉన్న ఇండ్లకు ప్రార్థనకు వెళ్లకుండుట మేలు. తప్పనిసరియైతే మాస్కు ధరింపవలెను. ఆయాసము వచ్చినయెడల ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లవలెను. ప్రార్థన మంచము యొద్ద ఎంత వినబడునో, ఆంబులెన్సులోను అంతే వినబడును.

సంఘమునకు ఒక మాట. ఎవరైనను వేరుగా ఉన్న దినములలో వారి గుమ్మము యొద్ద బియ్యము, కూర, పాలు ఉంచుడి. ప్రతి సాయంకాలము ఫోనులో ప్రార్థించుడి. దినములు నిండిన తరువాత వచ్చు ఆదివారమున, పెద్దలే వెళ్లి, పేరు పెట్టి పిలిచి, మందిరమునకు తోడుకొని రండి.

మన ప్రభువు మీ కుటుంబములను కాపాడి, జ్ఞానముతో కూడిన ప్రేమను దయచేయును గాక. ఆమేన్.