పాత చిరునామాకు వచ్చువారి మాట

2022 ఏప్రిల్ 4వ తేదీన ఆంధ్రప్రదేశమందలి 13 జిల్లాలు 26 కాగా, అంతవరకు గుంటూరు జిల్లాకు చెందియుండిన పిడుగురాళ్ల, నరసరావుపేట ముఖ్యపట్టణముగా నేర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. దుకాణముల బోర్డులు మారినవి, కచేరీల ముద్రలు మారినవి, శుభలేఖలమీది చిరునామాలు సయితము మారినవి, మారనిది పిన్‌కోడు. 522413 అని వ్రాసిన ఉత్తరము ఆనాడెట్లు చేరుచుండెనో నేడును అట్లే చేరుచున్నది. 1972లో ఆ పద్ధతిని నెలకొల్పినవారు, ఉత్తరములు వేరుచేయు మండలమును మొదటి మూడంకెలలోను, తపాలా కచేరీని చివరి మూడంకెలలోను ఇమిడ్చిరే గాని, రేపో మాపో మారగల రెవెన్యూ జిల్లా పేరును అందు చొప్పింపలేదు.

మా యూరి సున్నపు వ్యాపారి యొకరికి ఈ ముందుచూపు కొరవడినది. సున్నమునకు పేరుపొందిన ఈ యూరిలో బట్టీ నడపుట విశేషము కాదు గాని, ఆయన పదేండ్లనాడే వెబ్‌సైటు పెట్టించి, రొయ్యల చెరువులలో చల్లు సున్నమునకొక పుట, చక్కెర మిల్లులకు పోవు సున్నమునకొక పుట, గోడలకు వెల్లవేయు సున్నమునకొక పుట చొప్పున వ్రాయించుట విశేషము. భీమవరము వైపు రైతు గూగుల్‌లో చెరువు సున్నమని వెదకినచో మొదటి వరుసలలో ఆయన పుటయే కానవచ్చెడిది. ఆ పుటల వెబ్ చిరునామాలన్నిటను గుంటూరు అను మాట యుండెను. జిల్లా మారగానే ఉత్సాహవంతుడైన మేనల్లుడు ఒక్క రాత్రిలో గుంటూరును తీసివేసి పల్నాడును చేర్చి, పనిలో పనిగా పుటల వరుసను గూడ సంస్కరించెను. పాత చిరునామాల గతి యేమని ఆ యింట నెవరును అడుగలేదు.

నెల తిరుగకముందే ఫోనులు తగ్గినవి. ఒకనాటి ఉదయము నేను బట్టీకడ కూర్చుండియుండగా భీమవరమునుండి పాత ఖాతాదారొకడు పిలిచెను. “ఏమండీ, బట్టీ గానీ ఎత్తేశారేంటండి? పోయినేడు మీరు పంపిన లింకు నొక్కితే నాట్ ఫౌండని వస్తోందండి.” ఎదుట బట్టీ పొగ చిమ్ముచునే యున్నది, సున్నపు బస్తాలు లారీకెక్కుచునే యున్నవి.

ఇందు గూగుల్‌ను నిందించి ప్రయోజనము లేదు. దానికి మనిషి తెలియడు, బట్టీ తెలియదు. తెలిసినది చిరునామా యొక్కటే. ఏండ్ల తరబడి ఇతరులు తమ పుటలనుండి ఇచ్చిన లింకులవలన గడించిన పరపతి యంతయు ఆ యక్షరముల వరుసమీదనే జమయై యుండును. వరుస మారెనా, ఖాతా మారినట్లే. పాత ఖాతాలోని నిలువను కొత్త ఖాతాకు తెచ్చి వ్రాయనిచో కొంతకాలమునకు అది రద్దగును. తెచ్చి వ్రాయుటకు సాధనము 301 అను సంకేతము. ఇల్లు మారినవాని ఉత్తరముమీద పోస్టుమాను పాత చిరునామా కొట్టివేసి కొత్తది వ్రాసి పంపినట్లు, పాత చిరునామాకు వచ్చినవానిని సర్వరు ‘శాశ్వతముగా మారిరి’ అని చెప్పి కొత్తచోటికి సాగనంపును. 302 అనినచో తాత్కాలికమని యర్థము. పొరుగూరికి పోయినవాడు తిరిగివచ్చునని గూగుల్ పాత చిరునామానే పట్టుకొని కూర్చుండవచ్చును. ఇట్టి మళ్లింపువలన పరపతిలో తరుగు పోదని గూగుల్‌వారు 2016లోనే చెప్పియున్నారు.

అయితే మళ్లింపు పుటకు పుటగా నుండవలెను. చెరువు సున్నమునకై వచ్చినవానిని హోంపేజీ గడపకడ వదలిపెట్టుట మర్యాద కాదు; అట్టి మూకుమ్మడి మళ్లింపును గూగుల్ సయితము పుట లేనట్లుగనే లెక్కింపవచ్చును. ఒకదానినుండి మరొకదానికి, దానినుండి ఇంకొకదానికి గొలుసుకట్టుగా త్రిప్పుటయు తగదు. గూగుల్ యంత్రము 10 మజిలీలవరకు నడచును గాని, చెరువుగట్టున సెల్లు పట్టుకొని నిలిచిన రైతు ఓపిక రెండింటితో సరి. మళ్లింపులను కనీసమొక సంవత్సరము ఉంచుడని గూగుల్ సలహా. నన్నడిగినచో సైటు ఉన్నంతకాలము ఉంచవలెను.

అసలు మార్చనేల? వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసము వ్రాసి, చిరునామాలు తమంతట తాము మారవు, మనుష్యులే మార్చుచున్నారని మందలించి, వ్రాసినవాని పేరు, పత్రము స్థితి, వాడిన సాఫ్ట్‌వేరు గుర్తు మొదలగు చంచల వస్తువులను అందు చేర్పవలదని హితవు పలికెను. విన్నవారు కొలదిమంది. 2013లో నుండిన వెబ్ పుటలలో నూటికి 38 పదేండ్లకు అందకుండ పోయినవని ప్యూ పరిశోధన సంస్థ 2024లో లెక్కతేల్చినది. చంచల వస్తువులలో మనకు జిల్లా పేరు మొదటిది: తెలంగాణములో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయి, పిమ్మట 33 అయినవి. జిల్లాల సైటులకు జిల్లా పేరే చిరునామా. కరపత్రముమీదను గోడమీదను అచ్చయిన లింకును ఎవరును దిద్దలేరు. కావున విభజన ఉత్తరువులలో ఉద్యోగుల పంపకమును, దస్త్రముల పంపకమును వ్రాయునప్పుడు, పాత చిరునామాల మళ్లింపును గూర్చియు నొక వాక్యము వ్రాయవలెనని నా మనవి.

మా వ్యాపారి కొఱకు మేనల్లుడును నేనును సున్నపు ధూళి పడిన బల్లకడ కూర్చుండి, జమాఖర్చు పుస్తకములో ఎడమప్రక్క పాత చిరునామాలు, కుడిప్రక్క కొత్తవి వ్రాసితిమి. పాతవానిని వెదకిపట్టుటకు గూగుల్ సెర్చ్ కన్సోల్ జాబితా కొంత, వాట్సాప్‌లోని పాత సందేశములు కొంత తోడ్పడినవి. ఒక్క పుటకు మాత్రము కుడిప్రక్క వ్రాయదగినది దొరకలేదు. అది వ్యాపారి తండ్రి నడపిన పాత బట్టీని గూర్చినది, ఆ బట్టీ ఆరి చాలకాలమైనది.

“హోంపేజీకి తిప్పేద్దాం మాస్టారూ” అనెను కుఱ్ఱవాడు. సాటి పుట లేనప్పుడు లేదని చెప్పుటయే పద్ధతియని నేను వివరించుచుండగా, అంతవరకు లారీకడ నిలిచి బస్తాలు లెక్కించుచున్న వ్యాపారి ఇటు తిరిగెను.

“ఎక్కడికీ తిప్పమాకండి. దాని చోట దాన్ని ఉండనీయండి. అందులో మా నాయన ఫొటో ఉంది.”

తిరిగి దాని చోటనే నిలిపిన ఆ పుట చిరునామాలో గుంటూరు ఇప్పటికిని అట్లే యున్నది.