ఆ ఎర్ర అంకె నన్ను దొంగను చేసింది

"మిగతా కిలోన్నర యాడికి పోయింది మే?"

మా ఆయన నవ్వుతూనే అడిగారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

సంక్రాంతి అయిపోయాక నందికొట్కూరులోనే ఒక జిమ్ములో చేరాను. పొద్దున ఆడవాళ్ల బ్యాచ్. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో ట్రెడ్‌మిల్ మీద గంటసేపు నడక. దిగేటప్పటికి ఎర్ర అంకెల్లో 250 కేలరీలని చూపిస్తుంది. ఆ అంకె చూస్తే ఎంత సంబరమో! ఇంటికి రాగానే చెప్పేదాన్ని, ఆయన ఫోన్‌లో రాసుకునేవారు. ఏప్రిల్‌కు 75 రోజులైంది. కిలో కొవ్వు కరగాలంటే 7700 కేలరీలట. ఆ లెక్కన రెండున్నర కిలోలు తగ్గాలి. తగ్గింది ఒక్క కిలో.

మిషన్ అబద్ధం చెప్పదు కదా, కాబట్టి అబద్ధం నాదే. "పిల్లల కంచాల్లో మిగిలింది తింటాంటావేమో" అన్నారు ఆయన. జిమ్ములో కుర్రాడు ఇంకో అడుగు ముందుకేసి "నిజం చెప్పక్కా, ఇంట్లో ఏం లాగిస్తాండావు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి ఆదివారం ఉగ్గాని మానేశాను, రాత్రి సంగటి ముద్ద సగం చేశాను. పదో రోజు పొద్దున జొన్నరొట్టె తడుతూ తడుతూ కళ్లు తిరిగి పొయ్యి దగ్గరే కూలబడ్డాను. మా అత్త మజ్జిగ తాపించి, "ఆ మిషనుకేం తెలుసమ్మా నీ ఒంటి సంగతి" అంది. అప్పుడు కదిలింది నా బుర్ర.

మరుసటి రోజు కుర్రాడిని పక్కకు జరగమని బటన్లన్నీ నేనే నొక్కి చూశాను. బరువు అనే చోట 70 కిలోలని ఉంది. నా బరువు 60. చేరిన రోజు నుంచి ఒక్కరూ దాన్ని మార్చలేదు. నన్ను అడిగిందీ లేదు. అంటే ఇన్నాళ్లూ ఆ మిషన్ లెక్కపెట్టింది నన్ను కాదు, ఎవరో 70 కిలోల మనిషిని!

ఈ 70 వెనక ఒక కథ ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు ఎంత ప్రాణవాయువు వాడుతుందో చెప్పడానికి ఒక కొలమానం పెట్టుకున్నారు. కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్లు. అది 40 ఏళ్ల, 70 కిలోల ఒకే ఒక మగమనిషి నుంచి వచ్చిన అంకె అని పరిశోధకులే రాస్తారు. 2005లో అచ్చైన ఒక అధ్యయనంలో 769 మందిని కొలిస్తే సగటు 2.6 మాత్రమే వచ్చింది. అయినా ఆ మగమనిషి కొలతే మనందరి మీదా నడుస్తోంది. రవిక కుట్టే ఆవిడ కూడా కొలత తీసుకోకుండా కత్తెర పెట్టదు కదా!

ట్రెడ్‌మిల్ నడకకు వాడే మామూలు సూత్రంతో నేనే లెక్క వేశాను. 70 కిలోల మనిషికి గంటకు సుమారు 250. అదే 60 కిలోల నాకు 213. ఆ 213లోనూ 63 దాకా నేను ఇంట్లో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే. ఊపిరికి, గుండెకు అయ్యే ఖర్చును కూడా మిషన్ తన ఖాతాలోనే రాసుకుంటుంది. నడక వల్ల అదనంగా కరిగింది 150. దానికితోడు మా బ్యాచ్‌లో చాలామందిమి జారిపడతామేమోనని కమ్మీలు గట్టిగా పట్టుకుని వాలి నడుస్తాం. సగం బరువు చేతుల మీద వేస్తే కాళ్లకు పని తగ్గుతుంది. బెల్టు తిరిగే వేగం తప్ప మిషన్‌కు అదేమీ తెలియదు. ఆ 150 కూడా పూర్తిగా నాది కాదన్నమాట. ఇప్పుడు చూడండి, తగ్గిన కిలోకు, నా నడకకు లెక్క దాదాపు సరిపోయింది. నేనేమీ దొంగతిండి తినలేదు!

"చేతికి వాచీ కొనిస్తాలే, అది కరెక్టుగా చూపిస్తాది" అన్నారు మా ఆయన. అదీ చదివాను. 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల బ్యాండ్లను పరీక్షించారు. గుండె వేగం చాలావరకు సరిగ్గానే చూపించాయి. కేలరీల దగ్గర మాత్రం అన్నిటికంటే మేలైనదే 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం. వాచీ వద్దన్నాను. ఆ డబ్బుతో మిక్సీ బాగు చేయించమన్నాను.

నాకు మంట పుట్టించే సంగతి ఇంకొకటుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం, 55 కిలోల స్త్రీ ఎక్కువగా కూర్చునే పనుల్లో ఉంటే రోజుకు 1660 కేలరీలు కావాలి, ఓ మోస్తరు శ్రమ చేస్తే 2130. తేడా 470. రోజంతా చేసే చాకిరీలో అంత ఖర్చు దాగి ఉంటుంది. నీళ్లు మోయడం, బట్టలు పిండడం, మేడ మీద మిరపకాయలు ఎండబెట్టి ఎత్తడం, వీటికి ఏ ఎర్ర అంకే వెలగదు. గంట నడకకు వెలిగే తప్పుడు అంకెను మాత్రం మన కంచం దగ్గర పెట్టి ఎంత తినాలో తేలుస్తారు.

నడక మానమని నేననడం లేదు. నాకు నడుమునొప్పి తగ్గింది, రాత్రి నిద్ర పడుతోంది, మేడ మెట్లు ఎక్కితే ఆయాసం రావడం లేదు. నడవండి. కానీ జిమ్ము పెట్టినవాళ్లు ముందు మన బరువు అడిగి అందులో వేయాలి. ఆ అంకె ఉజ్జాయింపేనని మిషన్ మీద పెద్ద అక్షరాలతో అతికించాలి. నెల నెలా డబ్బులు కడుతున్నాం, ఆ మాత్రం అడగలేమా? అది చేసేదాకా నేను స్క్రీన్ మీద తువ్వాలు కప్పి నడుస్తున్నాను. ఇంకో ముగ్గురు కూడా మొదలుపెట్టారు.

మొన్న ఆదివారం మా ఆయన కూడా వచ్చి ఎక్కారు. ఆయన 82 కిలోలు. గంట నడిచి దిగితే అదే 250. నా సూత్రం ప్రకారం ఆయనకు 290 రావాలి. "నాకు నలభై తక్కువిచ్చింది, ఈ మిషన్ చెడిపోయింది" అని కుర్రాడితో గొడవ. నేను ఏమీ అనలేదు. ఇంటికొచ్చి ఉగ్గానికి బొరుగులు నానబెట్టాను.